రుమాల్లో కట్టి పంపిన పేరు

ఆశ్వయుజ బహుళ తదియ, ఆదివారం, ఉదయం పావు తక్కువ పది. బడిపంతులుగా మొదటి జీతంతో కొనుక్కున్న చేతి గడియారానికి వాకిట్లో కూర్చుని కీ ఇస్తున్నాను కనుక ఆ సమయం నాకు ఇంత కచ్చితంగా గుర్తుండిపోయింది. జమ్మికుంటలో మా సాలెవాడ పొడవునా ఆ పొద్దున పడుగులు చాచి గంజి పెడుతున్నారు. వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా తడి నూలు బిగించి ఉంటే మనిషి నడవాలన్నా గోడవారగా ఒదిగి పోవలసిందే. అటువంటి వీధి మొదట్లో ఒక మోటారు సైకిలు వచ్చి ఆగింది. లోపల మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్న మా కాక, అంటే మా బాపుకు తోడబుట్టిన తమ్ముడు మల్లేశం, బండి చప్పుడు విని తల ఎత్తకుండానే, "హారిస్టనే. వెంకటరెడ్డి పటేలుది" అన్నాడు. నాకు నమ్మకం కలగలేదు. పటేలు మా వాడలో కాలు పెట్టగా చూసిన వాళ్ళెవరూ అప్పటికి మాలో లేరు. బట్టలు కావలసి వస్తే మేమే మూట నెత్తిన పెట్టుకుని వారి ఊరికి పోవలసి ఉండేది. అయినా వచ్చింది పటేలే. బండి వీధి మొదట్లోనే నిలిపి, తడి పడుగును మనుషులు రెండు చేతులతో పైకి ఎత్తి పట్టుకుంటే, దాని కింద నుంచి నడుము వంచుకుని మా గడప దాకా వచ్చాడు. భుజం మీద రెండు చుక్కలు గంజి పడినా తుడుచుకోలేదు.

"మల్లేశం! ఇన్నవా ముచ్చట? మన బండి పేరు మారుస్తున్రట!"

కాక మగ్గం గుంటలోంచి లేచాడు. "ఎవలన్నరు పటేలా?"

"కంపెనీ ఏజెంటు కరీంనగర్ల చెప్పిపోయిండు. హారిస్టన్ తీసేసి ప్రగతి అని పెడుతరట. మనం గిట్ల ఏమనుకుంటున్నమో తెలుసుకొమ్మన్నరట."

"ప్రగతా? అదేం పేరు పటేలా, పంచాయితి ఆఫీసు గోడ మీద రాసినట్టు!"

పటేలు నవ్వాడు. కానీ ఆ నవ్వులో కూడా దుఃఖం ఉంది. అవ్వ, అంటే మా అమ్మ, లోపలి నుంచి పీట తెచ్చి వేయాలో, మంచం వాల్చాలో తెలియక తలుపు చాటున నిలబడింది. పటేలే మంచం వాల్చుకుని, కాకను పక్కన కూర్చోమన్నాడు. మా వాకిట్లో, మా వాడంతా చూస్తుండగా, వాళ్ళిద్దరూ ఒకే నులక మంచం మీద కూర్చున్నారు.

ఈ మధ్య కాక మనుమడు మా ఇంటికి వచ్చి, తన సెల్‌ఫోన్లో పాత బండ్ల బొమ్మలు చూపించాడు. అతడూ అతని స్నేహితులూ ఏదో బండి పేరు మార్చవద్దని కంపెనీకి వేల సంతకాలు పంపుతున్నారట. "తాతా, మీ కాలంల గిట్ల పేరు మీద ఎవరన్న కొట్లాడిన్రా?" అని అడిగాడు. కొట్లాడారని చెప్పాను. ఎట్లా కొట్లాడారో చెప్పడం మొదలుపెట్టి, మధ్యలోనే ఆపివేశాను. నోటితో చెప్పలేని ఆ సంగతిని రాసి అయినా చూద్దామని కూర్చున్నాను.

మా ఇంట్లో కాలేజీ పట్టా పుచ్చుకున్న మొదటివాణ్ణి నేను. మోటారు సైకిలు తెచ్చిన మొదటివాడు మా కాక. ఈ రెంటిలో మా వాడకు ఎక్కువ అబ్బురంగా తోచింది రెండవదే. పోలీసు చర్య తరువాత, మిలిటరీ వాళ్ళు వదిలిన సామాను వేలం వేసినప్పుడు, తుప్పు పట్టిన ఒక హారిస్టన్ బండిని కాక పాడుకున్నాడు. దానికోసం ఇంట్లో ఉన్న రెండు మగ్గాలలో ఒకదాన్ని అమ్మవలసి వచ్చింది. సాలెవాడు మగ్గం అమ్మి బండి కొనడమేమిటని కులం పెద్దలు తిట్టిన తిట్లు నేను చిన్నప్పుడు చెవులారా విన్నాను. కాక ఎవరికీ జవాబు చెప్పలేదు. బండి వెనుక ఒక చెక్క పలకను కట్టి, దాని మీద మా బాపు నేసిన రుమాళ్ళు, తుండ్లు, పంచెలు మూటగట్టి, భైంసా సంతకు, ఖానాపూర్ సంతకు పోయి అమ్ముకురావడం మొదలుపెట్టాడు. రుమాలంటే చేతిలో మడిచి పెట్టుకునే చిన్న గుడ్డ అనుకునే వాళ్ళ కోసం చెబుతున్నాను. మా దిక్కు రుమాలంటే తలకు చుట్టుకునే పొడవైన బట్ట, మగవాడి మర్యాద. బాపు నేసిన ఎర్ర అంచు రుమాళ్ళకు గోదావరి అవతల కూడా పేరుండేది.

మా ఇంటి వాసన నాకు ఇప్పటికీ గుర్తుంది. ఉడికిన గంజి వాసన, నానిన నూలు వాసన, వాటి మీద పెట్రోలు వాసన. అవ్వకు ఆ మూడవది గిట్టేది కాదు. "జొన్న రొట్టె తింటుంటె నోట్లె గ్యాసునూనె తాగినట్టున్నది" అని రోజూ సణుగుతూనే, శనివారం నాడు పులుసులో వాడిన చింతపండు పిప్పిని పారేయకుండా కాక కోసం దాచి పెట్టేది. దానితో కాక బండి ట్యాంకుకు రెండు పక్కలా ఉన్న ఇత్తడి పలకలను తోమేవాడు. హారిస్టన్ అన్న ఇంగ్లీషు అక్షరాలు ఆ పలకల మీద ఉబ్బెత్తుగా ఉండేవి. వాటిని చదవడం కాకకు రాదు. కానీ కళ్ళు మూసుకుని వేలితో తడిమి, ఏ అక్షరం తరువాత ఏది వస్తుందో చెప్పేవాడు. బాపు మాత్రం ఆ బండి మీద ఎన్నడూ ఎక్కలేదు. "నా కాళ్లు మగ్గం గుంతల ఉంటెనే నాకు నెమ్మది తమ్మీ" అనేవాడు.

హారిస్టన్ నడిపేవాళ్ళు గోదావరికి ఇటూ అటూ కలిపి కొద్దిమందే ఉండేవారు. వెంకటరెడ్డి పటేలు, భైంసాలో పత్తి వ్యాపారం చేసే దేవాజీ సేటు, మరికొందరు భూస్వాములు, గుత్తేదారులు. వారిలో మగ్గం మీద బతికేవాడు మా కాక ఒక్కడే. ఎవరు పెట్టారో తెలియదు కానీ వాళ్ళలో ఒక కట్టుబాటు ఉండేది. హారిస్టన్ బండివాడు హారిస్టన్ బండివాడి ఇంటి ముందు నుంచి పోతే ఆగి మంచినీళ్ళు తాగకుండా పోకూడదు. తిండి వేళ అయితే తినకుండా పోకూడదు. దసరా మరునాడు అందరూ ఒకరి ఇంట్లో కలిసి, జమ్మి ఆకును ముందు బండ్ల ట్యాంకుల మీద పెట్టి, ఆ తరువాతే ఒకరి చేతిలో ఒకరు పెట్టుకుని కౌగిలించుకునేవాళ్ళు. ఒకే ఇంటిపేరు ఉన్నవాళ్ళు అన్నదమ్ములైనట్టు, ఆ పలక ఉన్న బండ్లవాళ్ళు అన్నదమ్ములు. మొదటిసారి పటేలు ఇంట్లో కాకకు మంచం మీద చోటు ఇచ్చినప్పుడు పటేలు తల్లి మొహం ముడుచుకుందట. పటేలు, "అవ్వా, గాయిన బట్టలు అమ్మనీకి రాలే. హారిస్టన్ మీద వచ్చిండు" అన్నాడట. ఈ మాటను కాక మా ఇంట్లో ఎన్నిసార్లు చెప్పాడో లెక్క లేదు. చెప్పిన ప్రతిసారీ గొంతు కొంచెం తగ్గించి, గుళ్ళో మాట్లాడినట్టు చెప్పేవాడు. ఆ పేరు మారిపోతుందని విన్న రోజున ఆయనకు పోయేది ఏమిటో అప్పుడు నాకు పూర్తిగా అర్థం కాలేదు. పటేలుకు అది ముచ్చటైన బండి పేరు. మా కాకకు అది మంచం మీద చోటు.

తరువాతి ఆదివారం పటేలు ఊళ్ళో, పత్తి నింపిన బోరాలు పేర్చిన పెద్ద కొట్టంలో అందరూ కలిశారు. ఇంగ్లీషు వచ్చినవాణ్ణని నన్ను కూడా కాక బండి వెనుక కూర్చోబెట్టుకుని తీసుకుపోయాడు. లోపల కొత్త పత్తి వాసన, బయట బండ్ల వరుస. దేవాజీ సేటు మరాఠీ కలిసిన తెలుగులో గట్టిగా మాట్లాడేవాడు.

"మా దిక్కు పెండ్లయితె పిల్ల పేరు మారుస్తరు. కంపెనీకి మల్ల పెండ్లయిందా, ఏంది?"

"అయింది సేటూ. మొదటి మొగడు ఇంగ్లీషోడు, సముద్రం దాటిపోయిండు. గిప్పుడు బొంబాయాయిన" అన్నాడు పటేలు.

"అయితె పిల్ల మంచిదే, బండి నడుస్తది. పేరు మారితె ఏమైతది?" అని ఒక గుత్తేదారు అన్నాడు. ఆయన మీదికి అందరూ లేచారు. "నీ పేరు మారుస్త, ఊకుంటవా?" అని ఒకరు, "గా రెండో కంపెనీ బండి కొనుక్కో పో, కోడి కూసినట్టు కూస్తది" అని మరొకరు. ఆయన చేతులు జోడించి, "తప్పయింది, తప్పయింది" అని నవ్వుతూ కూర్చున్నాడు.

నేను లేచి, ఇంగ్లీషులో ఒక విజ్ఞాపన రాసి అందరి సంతకాలతో పంపుదామని చెప్పాను. మాటలు ఎంతో జాగ్రత్తగా కూర్చుకుని చెప్పాను. పటేలు మర్యాదగానే విన్నాడు. "పంతులూ, అర్జీలు మస్తు జూసినం. నిజాం కాలంల పెట్టినం, గిప్పుడు పెడుతున్నం. పెట్టిన అర్జీ ఫైల్ల పంటది, లెవ్వదు."

అప్పుడు మా కాక మాట్లాడాడు. పెద్దల సభలో ఆయన అంతసేపు మాట్లాడటం అదే మొదటిసారి.

"పటేలా, జర ఇనుండ్రి. మనకు పానం మీదికొస్తె పెద్దోల్ల కాడికి కాయితం పట్టుకపోతమా? తల రుమాల తీసి కాళ్లకాడ పెడుతం. నోరు ఎత్తం. రుమాల పెట్టినంక ఎంత పెద్దోడైనా కాదనడు. బండికి రుమాలేంది? గా పలకనే గదా. అందరి పలకలు తీసి, మా అన్న నేసిన రుమాల్ల కట్టి, కంపెనీ కాళ్లకాడ పెడుదం. మా తల మీది మర్యాద మీ కాళ్లకాడ పెట్టినం, ఉంచుతరో తీస్తరో మీ దయ. గంతే."

కొట్టంలో కొందరి చేతులు తమ తల రుమాళ్ళ మీదికి పోయాయి. అది మా ప్రాంతంలో ఎంత పెద్ద మాటో నేను చెప్పినా ఈ కాలం వాళ్ళకు అర్థమవుతుందో లేదో. పంట ఎండి శిస్తు కట్టలేని రైతు, కొడుకు ప్రాణం కోసం వేడుకునే తండ్రి, ఇక వేరే దారి లేనప్పుడు చేసే పని అది. రుమాలు పెట్టించుకున్నవాడు దాన్ని తన చేతులతో ఎత్తి, పెట్టినవాడి తలకు తిరిగి చుట్టాలి. అట్లా చుట్టకపోతే ఊళ్ళో అతనికి మాట దక్కదు. ఇక పటేలు సంగతి. ఆయన కాళ్ళ దగ్గర ఎందరో రుమాళ్ళు పెట్టారు. ఆయన ఎవరి దగ్గరా పెట్టలేదు. అందరూ ఆయన వైపే చూశారు.

కాక బయటికి పోయి తన బండి పలకలు విప్పాడు. తరువాత సేటు విప్పాడు. ఒక్కొక్కరే లేచారు. చివరికి పటేలు లేచి, స్క్రూ తీసే సాధనం కాక చేతిలో నుంచి తీసుకుని, తన పలకలు తానే విప్పి, రెండు అరచేతుల్లో పట్టుకొచ్చి, "నీ మాట మీద పెడుతున్న మల్లేశం" అన్నాడు.

ఆ పలకల వెంట నాలుగు ముక్కలు రాసి పెడితే మంచిదని నేను మళ్ళీ అన్నాను. కాక నా భుజం మీద చెయ్యి వేసి, "రుమాల పెట్టేటోడు మాట్లాడద్దు బిడ్డా. మాట్లాడితె బేరమైతది" అన్నాడు. అందరూ అవునన్నారు. నాకు కూడా అది అందమైన మాటగానే తోచింది.

బాపు ఆ రుమాలును మామూలు రుమాళ్ళ కన్నా వెడల్పు అంచుతో నేశాడు. నేసినన్నాళ్ళూ ఇంట్లో ఎవరితోనూ కోపంగా మాట్లాడలేదు. అవ్వ, "గా బొంబాయి కంపెనాయినకు తల ఎంత పెద్దగున్నదో!" అని ఎగతాళి చేసినా నవ్వి ఊరుకున్నాడు. కాక పలకలన్నీ చింతపండుతో తోమి, ఆ రుమాల్లో మూటగట్టి, హైదరాబాదులో ఏజెంటు దుకాణానికి ఒక్కడే పోయి వచ్చాడు. నాకు బడి ఉండి పోలేకపోయాను. వచ్చిన తరువాత ఇంటిల్లిపాదీ చుట్టూ చేరాము.

"ఏమాయె కాకా?"

"కుర్చీల కూసున్నడు. ఆయన కాళ్లకాడ పెట్టి దండం పెట్టిన. నోరు ఎత్తలే."

"ఆయనేమన్నడు?"

"శాన మంచోడు. లేచి, మూట తన చేతులతోనే ఎత్తుకున్నడు. ఇప్పి జూసి మస్తు ఖుషీ అయిండు. కూసోబెట్టి చాయ్ తాపిండు. బొంబాయికి చెప్తనన్నడు."

తన చేతులతోనే ఎత్తుకున్నాడన్న మాట దగ్గర బాపు కళ్ళు మూసుకుని తల ఊపాడు. ఎత్తుకున్నాడంటే ఒప్పుకున్నట్టే. ఆ మాట ఊరూరా పోయింది. పలకలు లేని ట్యాంకుల మీద స్క్రూ రంధ్రాలు మాత్రమే మిగిలిన బండ్ల మీద, మావాళ్ళు ఆ పత్తి కాలమంతా పెళ్ళికొడుకుల్లా తిరిగారు. ఎవరైనా అడిగితే, "రుమాల పెట్టినం, వాపసొస్తది" అని చెప్పేవారు.

వేసవి మొదట్లో ఏజెంటు వస్తున్నాడని కబురు వచ్చింది. పటేలు కొట్టం ముందు పందిరి వేయించాడు. బాపును కూడా రమ్మని కాక పట్టుబట్టాడు. "అన్నా, నీ రుమాల వాపసొస్తుంది. నువ్వు లేకపోతె ఎట్ల?" అని బతిమాలి, జన్మలో మొదటిసారి ఆయనను బండి ఎక్కించాడు. బాపు రెండు చేతులతో తమ్ముడి నడుమును గట్టిగా పట్టుకుని, కళ్ళు తెరవకుండానే కూర్చున్నాడు. నేను సైకిలు మీద వెనుక పోయాను.

ఏజెంటు వ్యానులో వచ్చాడు. సన్నగా, మర్యాదగా, తెల్లని బట్టల్లో ఉన్నాడు. వ్యానులో నుంచి ఒక కొత్త బండిని దింపించి, దాని ట్యాంకు మీద పడిన దారి దుమ్మును చూసి, ముందు సీటు కింద నుంచి ఒక గుడ్డను తీశాడు. నూనె మరకలు పడిన ఆ గుడ్డకు వెడల్పాటి ఎర్ర అంచు ఉంది. దానితో ట్యాంకును నెమ్మదిగా, పక్క నుంచి పక్కకు తుడిచాడు. తుడిచిన చోట ప్రగతి అన్న అక్షరాలు మెరిశాయి.

"మీకు చాలా షుక్రియా" అన్నాడు ఆయన అందరి వైపూ చేతులు జోడించి. "పాత ప్లేట్లు వాపసు ఇయ్యమని మేము అడగనే లేదు. మీ అంతట మీరే తీసి పంపిన్రు. బొంబాయిల సాబులు గిది విని శానా ఖుషీ అయిన్రు. ఊళ్ళల్ల జనం గింత సంతోషంగా కొత్త పేరు ఒప్పుకున్నరని మిగిలిన ఏజెంట్లకు మీ ముచ్చటనే చెప్పిన్రు. అందరికీ కొత్త ప్లేట్లు ఫ్రీగా తెచ్చిన."

సేటు ఒక్కడే అడిగాడు. "పాతయి యాడున్నయి?"

"అయ్యో, ఇత్తడి గదా సేటూ. కరగబెట్టిన్రు."

ఆ మనిషి చెడ్డవాడు కాదు. ఈ మాట నేను అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. ఆయన ఎదుట ఒకడు మూట పెట్టి, దండం పెట్టి, ఏమీ చెప్పకుండా వెళ్ళిపోయాడు. ఆయన పెరిగిన ఊళ్ళో మూట అంటే మూటే. ఆయనకు మా భాష వచ్చు. మా మౌనం రాదు. అంతకు మించి ఆయన మీద నేరం మోపలేను. మావాళ్ళు కూడా, అంత పెద్ద కంపెనీకి ఊరి పెద్దమనిషికి ఉన్నట్టే కాళ్ళూ, ఆ కాళ్ళ దగ్గర పెట్టినది చూసి చలించే మనసూ ఉంటాయని నమ్మారు. ఆ నమ్మకాన్ని తప్పు అనడానికి నాకు ఇప్పటికీ నోరు రాదు.

వ్యాను పోయిన తరువాత పటేలు పందిరి కింద చాలాసేపు నిలబడ్డాడు. ఆయన గొంతు పెద్దది కాలేదు. పెద్దదైనా బాగుండేదని తరువాత ఎన్నోసార్లు అనుకున్నాను.

"నేను ఎన్నడు ఎవని కాళ్లకాడ రుమాల పెట్టినోన్ని గాదు. సాలోని మాట ఇని పెట్టిన. బండి తుడుసుకున్నడు."

మల్లేశం అని అనలేదు. బాపు లేచి, భుజం మీది తుండు సర్దుకుని, ఎవరికీ చెప్పకుండా దారి పట్టాడు. కాక బండి తోలుకుంటూ పక్కన పోయి, "అన్నా, ఎక్కు" అని ఎంత బతిమాలినా ఎక్కలేదు. జమ్మికుంట దాకా ఎండలో నడిచే వచ్చాడు. కాక కూడా బండి దిగి, దాన్ని నెట్టుకుంటూ ఆయన వెనుకే నడిచాడు. నేను సైకిలు దిగి వాళ్ళ వెనుక నడిచాను.

కాక మనుమడు పంపే సంతకాలు నెగ్గుతాయో ఓడుతాయో నాకు తెలియదు. ఓడినా అతడు కోల్పోయేదేమీ లేదు. బండి మీద ఏ పేరున్నా అతడు ఎవరి ఇంట్లోనైనా కుర్చీ లాక్కుని కూర్చోగలడు. అది మంచి కాలమే, కాదనను. చదువుకున్నవాణ్ణిగా నేను కోరుకున్నది కూడా అదే. అయినా మనిషికి దక్కవలసిన చోటు ఒక ఇత్తడి పలక వల్ల దక్కడం ఎంత చిన్న సంగతో తెలిసి కూడా, ఆ చిన్న సంగతి దక్కినన్నాళ్ళూ మా కాక ఎంత నిటారుగా నడిచాడో తలచుకుంటే, అది పోకుండా ఉండవలసిందనే అనిపిస్తుంది. ఎవరూ పేదవాళ్ళు కాలేదు, ఎవరి ప్రాణమూ పోలేదు. పేరు పెట్టి పిలిచే ఒక పిలుపు మాత్రం ఆ పందిరి కింద ఆగిపోయింది.

మరుసటి దసరాకు హారిస్టన్ వాళ్ళు కలవలేదు. పటేలు జీపు కొన్నాడు, సేటు బండి అమ్మేశాడు. కాక తన ట్యాంకు మీద కొత్త పలక బిగించుకోలేదు, పాతది దొరకలేదు. బట్టల మూటతో పటేలు ఇంటికి ఆ తరువాత కూడా పోయేవాడు. వాకిట్లో నిలబడి, మూట విప్పి చూపించి, అమ్ముడుపోయినవి పోగా మిగిలినవి కట్టుకుని వచ్చేవాడు.